ఆరుగురు, ఐదు రోజులు, ఒక్క చిక్కు

న్యూయార్క్‌ నగరంలోని హార్లెమ్‌లో పేదలకు ఉచితంగా రాత్రి భోజనం పెట్టే వంటశాల ఒకటి ఉంది. ఒకప్పుడు అక్కడ జనం వీధిలో బారులు తీరి నిలబడేవారు. లోపలికి వెళ్లి కూర్చునేసరికి గంటన్నర పట్టేది. వండేవాళ్లు సోమరులు కారు. తిండికి కొరత లేదు. కుర్చీలూ ఉన్నాయి. అయినా క్యూ కదిలేది కాదు.

ఆ వంటశాలకు అండగా ఉన్న స్వచ్ఛంద సంస్థకు విరాళాలిచ్చే కంపెనీల్లో టయోటా ఒకటి. చెక్కు బదులు మా ఇంజినీర్లను పంపుతామంది ఆ కంపెనీ. కార్లు తయారుచేసేవాళ్లకు వంటింటి సంగతి ఏం తెలుసని అక్కడివాళ్లు మొదట సందేహపడ్డారు. ఇంజినీర్లు వచ్చి చూశారు. అప్పటిదాకా ఒక్కసారే పదిమందిని లోపలికి వదిలేవారు. ఆ పద్ధతి తీసేసి, ఒక కుర్చీ ఖాళీ అయితే ఒకరిని పంపడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు ముందే ట్రే తీసుకుని సిద్ధంగా ఉండేలా లోపలే కొంత చోటు కేటాయించారు. ఖాళీ కుర్చీ ఎక్కడుందో చూసే పని ఒక్క మనిషికి అప్పగించారు. గంటన్నర నిరీక్షణ 18 నిమిషాలకు దిగింది. శాండీ తుపాను బాధితులకు సరుకుల పెట్టెలు సర్దే గిడ్డంగిలోనూ వాళ్లు ఇదే తరహా పని చేశారు. అంతకుముందు ఒక్కో పెట్టెకు మూడు నిమిషాలు పట్టేది, తర్వాత 11 సెకన్లు. 2013లో ఈ కథ అమెరికా పత్రికల్లో వచ్చింది.

ఈ కథలో లేనివేమిటో గమనించండి. కొత్త భవనం లేదు. కొత్త సాఫ్ట్‌వేర్‌ లేదు. ‘మనమంతా ఒకే కుటుంబం’ అంటూ గోడకు పోస్టరు అంటించలేదు. మూడు మార్పులూ విన్నాక ‘ఓస్‌, ఇంతేనా’ అనిపిస్తుంది. మరి ఇన్నాళ్లూ అక్కడున్నవాళ్లకు ఎందుకు తట్టలేదు? వడ్డించేవాళ్లకు వడ్డనతోనే సరిపోయేది. పని ఆపి, పక్కన నిలబడి, ఆ పనినే ఒకసారి చూడమని వాళ్లకు ఎవరూ సమయం ఇవ్వలేదు.

ఆ సమయం ఇవ్వడానికి పుట్టిందే చిన్న బృందంతో చేసే చిన్న ప్రాజెక్టు. పరిశ్రమల్లో దీన్ని కైజెన్‌ ఈవెంట్‌ అంటారు. సాధారణంగా ఒక వారం. సోమవారం చూస్తారు, కొలుస్తారు. మంగళవారం కారణాలు వెతుకుతారు. బుధ, గురువారాల్లో మార్చి చూస్తారు. శుక్రవారం పైవాళ్లకు చూపిస్తారు. దీనికి అన్న వరస అయిన క్వాలిటీ సర్కిల్‌ 1962లో జపాన్‌లో మొదలైంది. అది వారానికో గంట కూర్చుని నెలల తరబడి చేసే పని. మన దేశంలో దానికి తొలి అడుగు పడింది తెలుగు నేల మీదే. 1980లో రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌ కర్మాగారంలో ఎస్‌.ఆర్‌. ఉడ్పా చొరవతో క్వాలిటీ సర్కిళ్లు మొదలయ్యాయి. 1982లో సికింద్రాబాద్‌ కేంద్రంగా క్వాలిటీ సర్కిల్‌ ఫోరం ఆఫ్‌ ఇండియా ఏర్పడింది. కాబట్టి ‘ఇవన్నీ జపానువాళ్లకే చెల్లుతాయండీ, మనవాళ్లతో అవుతుందా’ అనే మాట మన దగ్గర చెల్లదు.

అయినా ఇలాంటి ప్రాజెక్టులు చాలా చోట్ల గ్రూప్‌ ఫొటోతో ముగుస్తాయి. శుక్రవారం చప్పట్లు, సమోసాలు, వాట్సాప్‌ గ్రూపులో అభినందనలు. నెల తిరిగేసరికి మళ్లీ పాత పద్ధతే. ఆ ఐదు రోజులూ అందరూ బాగానే కష్టపడతారు. కానీ నా లెక్కలో, ఫలితంలో ఎక్కువ భాగం సోమవారానికి ముందూ శుక్రవారం తర్వాతే తేలిపోతుంది.

చిక్కును కోసి చిన్నది చేయండి

ఒక ప్రైవేటు ఆసుపత్రిని ఊహించుకోండి. ఉదయం పదింటికి పెద్ద డాక్టరు రౌండ్స్‌లో ‘ఇంటికి వెళ్లొచ్చమ్మా’ అన్నారు. ఇంట్లోవాళ్లు సంచులు సర్దుకున్నారు. కారు మాట్లాడుకున్నారు. గది ఖాళీ చేసేసరికి సాయంత్రం ఐదయింది. ఇలాంటి రోజు మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు చూసే ఉంటారు.

యాజమాన్యం ఒక బృందాన్ని వేసి ‘పేషెంట్ల సంతృప్తి పెంచండి’ అంది. ఆ ప్రాజెక్టు ఆ క్షణమే ఓడిపోయింది. సంతృప్తి అంటే క్యాంటీన్‌ ఇడ్లీ నుంచి పార్కింగ్‌ దాకా అన్నీ. ఆరుగురు ఐదు రోజులు మాట్లాడుకుని, ‘సిబ్బంది చిరునవ్వుతో పలకరించాలి’ అని తేల్చి లేస్తారు.

‘డిశ్చార్జ్‌ ఆలస్యం తగ్గించండి’ అంటే కొంత మెరుగే. కానీ అందులోనూ బీమా కంపెనీ అనుమతి ఉంది. ఆసుపత్రి నుంచి అభ్యర్థన అందిన మూడు గంటల్లోగా బీమా కంపెనీ తుది అనుమతి ఇవ్వాలని, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఆదేశించింది. ఆ మూడు గంటలు మీ బృందం చేతుల్లో లేవు. మీ చేతుల్లో ఉన్నది అంతకుముందు జరిగేది. డాక్టరు నోటి మాట వచ్చిన దగ్గర్నుంచి, బిల్లు తయారై, ఇన్సూరెన్స్‌ డెస్క్‌ నుంచి ఆ అభ్యర్థన బయటికి వెళ్లేదాకా. అది పూర్తిగా నాలుగు గోడల మధ్య జరిగే వ్యవహారం. అక్కడ మొదలు, ఇక్కడ చివర అని రెండు గీతలు గీయండి. ఒక్క అంతస్తుకే పరిమితం చేయండి. ‘మూడో అంతస్తు జనరల్‌ మెడిసిన్‌ వార్డులో, డాక్టరు చెప్పినప్పటి నుంచి అభ్యర్థన వెళ్లేదాకా పట్టే సమయాన్ని సగానికి తేవాలి.’ ఇప్పుడది ప్రాజెక్టు అయింది.

చాలామందికి ఇలా కత్తిరించడం నచ్చదు. ఇంత చిన్నదానికి ఐదు రోజులా అని పైవాళ్లు మొహం చిట్లిస్తారు. వాళ్లతో ఒక మాట చెప్పండి: ‘ఒక వార్డులో పని చేసిందంటే మిగతా వార్డులకు తీసుకెళ్లడం తేలిక సార్‌. అన్ని వార్డుల్లో ఒకేసారి మొదలుపెడితే ఎక్కడ తేడా కొట్టిందో కూడా తెలీదు.’

లక్ష్యం విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. చిక్కు చిన్నది కావాలి, లక్ష్యం పెద్దది కావాలి. దీనికి జపాన్‌ ఇంజినీరు షిగెయో షింగో అనుభవాన్ని మించిన ఉదాహరణ లేదు. 1969లో టయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్సు యంత్రానికి అచ్చు మార్చాలంటే నాలుగు గంటలు పట్టేది. జర్మనీలో ఫోక్స్‌వాగన్‌ వాళ్లు అదే పని రెండు గంటల్లో చేస్తున్నారు. షింగో ఆరు నెలలు శ్రమించి దాన్ని గంటన్నరకు తెచ్చాడు. శభాష్‌ అనాల్సిన యాజమాన్యం మూడు నిమిషాలకు తెమ్మంది! అప్పుడు ఆయన ఆలోచన మరో దారి పట్టింది. యంత్రం ఆగాకే చేయాల్సిన పనులేవి, అది నడుస్తుండగానే ముందే చేసి పెట్టుకోదగినవేవి అని విడదీశాడు. ఆపి చేసే పనుల్లో వీలైనన్నింటిని నడుస్తుండగా చేసే పనులుగా మార్చాడు. మరో మూడు నెలలకు ఆ మూడు నిమిషాలూ సాధ్యమయ్యాయి. ఇది ఒక వారంలో అయిన పని కాదని గుర్తుంచుకోండి. కానీ ఆ ప్రశ్న మాత్రం ఏ వారంలోనైనా వేసుకోవచ్చు. డిశ్చార్జ్‌ సమ్మరీ సగం ముందురోజు రాత్రే టైపు చేసి ఉంచలేమా? వాడని మందుల లెక్క ఉదయం ఎనిమిదికే ఫార్మసీకి పంపలేమా? పది శాతం తగ్గించమంటే మనిషి కాస్త వేగంగా పరిగెడతాడు, వారం తర్వాత అలసిపోతాడు. సగం తగ్గించమంటే పద్ధతే మార్చక తప్పదు.

కుర్చీలోంచి లేవండి

మొదటి రోజు కాన్ఫరెన్స్‌ హాల్లో కూర్చుని ‘సమస్య ఏమిటని మీరనుకుంటున్నారు’ అని అడిగితే, ప్రతి ఒక్కరూ పక్క విభాగం పేరే చెబుతారు. నర్సులు బిల్లింగ్‌ అంటారు. బిల్లింగ్‌ వాళ్లు ఫార్మసీ అంటారు. ఫార్మసీ వాళ్లు ఇంకా మందులే వెనక్కి రాలేదంటారు. మధ్యాహ్నానికి అది పంచాయితీ అవుతుంది.

అందుకే మాటలు తర్వాత, ముందు చూపు. టయోటా ఉత్పత్తి విధానానికి రూపశిల్పిగా పేరొందిన తైచి ఓనో కర్మాగారం నేల మీద సుద్దతో ఒక వృత్తం గీసి, ఇంజినీర్లను అందులో గంటల తరబడి నిలబెట్టేవాడని ప్రసిద్ధి. చేయాల్సిన పని ఒక్కటే, చూడటం. మీరూ అదే చేయండి. ఒక పెన్ను, ఒక అట్ట, సెల్‌ఫోన్లో గడియారం చాలు. డిశ్చార్జ్‌ అవుతున్న పేషెంటు ఫైలు వెంట నడవండి. ఎవరైనా ఆ ఫైలు మీద నిజంగా పని చేసిన నిమిషాలు ఒక వైపు, అది బల్ల మీద ఊరికే పడి ఉన్న నిమిషాలు మరో వైపు రాయండి. రెండో వరుస పొడవు చూశాక ఎవరూ ఎవరినీ తిట్టుకోరు. అంకె ముందు వాదన నిలవదు.

ఇక్కడే మన చదువుకున్నవాళ్లు ఒక పొరపాటు చేస్తుంటారు. డేటా అనగానే మూడు నెలల రిపోర్టులు తీయమంటారు, ఎక్సెల్‌ షీట్లు తెరుస్తారు. వారం ప్రాజెక్టుకు అంత అక్కర్లేదు. కళ్లతో చూసిన పది ఫైళ్లు, మూడు నెలల సగటు కన్నా ఎక్కువ చెబుతాయి. సగటులో బల్ల కనిపించదు.

ఎవరు ఉండాలి, ఎందరు ఉండాలి

మందెక్కువైతే మజ్జిగ పలచన. ఈ సామెతకు శాస్త్రీయ ఆధారం కూడా ఉంది. మాక్సిమిలియన్‌ రింగెల్‌మన్‌ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మనుషుల చేత తాడు లాగించి చూశాడు. లాగేవాళ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతూ వచ్చింది. 1913లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. బృందం ఆరు నుంచి ఎనిమిదిమంది దాటిందంటే, తాడు పట్టుకుని ఊరికే నిలబడేవాళ్లు తయారవుతారు.

ఆ ఆరుగురిలో సగం మందికి పైగా ఆ పని రోజూ చేతులతో చేసేవాళ్లై ఉండాలి. స్టాఫ్‌ నర్సు, బిల్లింగ్‌ క్లర్కు, ఫార్మసీ కౌంటరు అబ్బాయి, ఫైళ్లు మోసే వార్డ్‌ బాయ్‌. వార్డ్‌ బాయ్‌ని పిలవడం మర్చిపోతారు చూడండి, అక్కడే అసలు రహస్యం ఉంటుంది. ఇలాంటి బృందంలో ఒక సంభాషణ ఎలా సాగుతుందో ఊహించండి.

‘ఫైలు కిందికి తీసుకెళ్లడానికి ఇంతసేపు ఎందుకు పడుతోందన్నా?’ అని నర్సు అడిగింది.

‘మూడు ఫైళ్లు పోగయ్యాక తీసుకెళ్లమన్నారు సిస్టర్‌. ఒక్కో ఫైలుకీ లిఫ్ట్‌ ఎక్కి దిగుతుంటే పైన మనిషి ఉండట్లేదన్నారు.’

‘ఎవరన్నారు?’

‘నేను చేరకముందు నుంచీ అంతేనట.’

ఎవరన్నారో ఎవరికీ తెలీదు. ఎప్పుడో, ఎవరో, ఏదో కారణంతో అన్న మాట రోజూ పేషెంట్ల సమయం తింటోంది. ఏ కన్సల్టెంటు రిపోర్టులోనూ దొరకని సంగతి ఇది.

ఆ పనితో సంబంధం లేని మనిషి ఒకరూ బృందంలో ఉండాలి. అకౌంట్స్‌ నుంచో, మరో వార్డు నుంచో. అమాయకంగా ‘ఈ సంతకం ఎందుకండీ?’ అని అడగడమే వాళ్ల ఉద్యోగం. తెలిసినవాళ్లు ఆ ప్రశ్న అడగరు, అడగడానికి మొహమాటపడతారు. అన్నట్టు, ఖాళీగా ఉన్నారు కదా అని ఎవరినో ఒకరిని బృందంలో పడేయకండి. విభాగం నుంచి బృందానికి ఇవ్వాల్సింది అందరికన్నా బిజీగా ఉన్న మనిషిని. ఆ ఐదు రోజులూ ఆ మనిషి రోజువారీ పని వేరొకరు చూసుకోవాలి. మధ్యమధ్యలో ఫోను మోగుతుంటే బృందం సగం గదిలో, సగం బయట ఉంటుంది.

అధికారం ఇవ్వకపోతే అది చర్చావేదికే

1980ల మొదట్లో అమెరికా కంపెనీలు క్వాలిటీ సర్కిళ్ల వెంట పడ్డాయి. కొన్నేళ్లకే ఆ మోజు చల్లారింది. 1985లో ఎడ్వర్డ్‌ లాలర్‌, సూసన్‌ మోర్‌మన్‌ అనే ఇద్దరు పరిశోధకులు హార్వర్డ్‌ బిజినెస్‌ రివ్యూలో దీని గురించే రాశారు. వాళ్ల విశ్లేషణ సారాంశం ఇది. ఆ బృందాలకు సూచించే హక్కు ఉంది, అమలు చేసే అధికారం లేదు. సూచనలు మధ్యస్థాయి మేనేజర్ల దగ్గరికి వెళ్లేవి. అక్కడే ఆగిపోయేవి. మొదట్లో తేలిక సమస్యలు తీరాయి. తర్వాత ఉత్సాహం తీరింది.

మనకు ఇది కొత్త సంగతి కాదు. ఆఫీసు గోడకు తగిలించిన సలహాల పెట్టె తాళం చెవి ఎక్కడుందో ఎవరికైనా తెలుసా?

వారం ప్రాజెక్టు బలమంతా ఇక్కడే ఉంది. సిఫార్సులు రాసి పంపడం కాదు, గురువారం సాయంత్రానికి మార్పు జరిగిపోయి ఉండాలి. ఫైలు రాక్‌ జరపాలంటే జరిపేయాలి. అక్కర్లేని సంతకం తీసేయాలంటే ఆ రోజే తీసి చూడాలి. ఇందుకు సోమవారానికి ముందే పై అధికారి నుంచి ఒక హామీ కాగితం మీద తీసుకోండి: ఈ రెండు గీతల మధ్య ఏ మార్పయినా బృందమే చేయొచ్చు, ఇంత మొత్తం దాకా ఎవరినీ అడగక్కర్లేదు, రోగి భద్రతకు సంబంధించినదైతే మాత్రం ఫలానా డాక్టరు ఒప్పుకోవాలి. ఆ కాగితం ఇవ్వడానికి పై అధికారి వెనకాడితే ప్రాజెక్టు వాయిదా వేసుకోండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

మరి పై అధికారి ఆ వారమంతా ఏం చేయాలి? ఓ ప్రారంభోపన్యాసం ఇచ్చి మాయమైతే కుదరదు. రోజూ సాయంత్రం ఇరవై నిమిషాలు వచ్చి ‘మీకు అడ్డం ఏముంది? నేను ఎవరికి ఫోన్‌ చేయాలి?’ అని అడగాలి. అంతకుమించి మాట్లాడకూడదు. తన ఐడియా చెప్పిన మరుక్షణం బృందం ఆలోచించడం మానేసి ‘ఎస్‌ సార్‌’ అంటుంది.

మధ్యస్థాయి వాళ్లను దుష్టుల్లా చూడకండి. వార్డు ఇన్‌చార్జ్‌ సిస్టర్‌ స్థానంలో ఉండి ఆలోచించండి. ఆరుగురు వచ్చి ఐదు రోజుల్లో సగం సమయం తగ్గించారంటే ‘ఇన్నేళ్లూ నువ్వేం చేశావమ్మా’ అనే ప్రశ్న ముందుగా ఆవిడ మీదికే వస్తుంది. ఆవిడ అడ్డుపడటంలో ఆశ్చర్యం ఏముంది? ముందే వెళ్లి కలవండి. చిక్కు ఏదో ఆవిడ చేతే చెప్పించండి. శుక్రవారం చూపించేటప్పుడు మొదటి మాట ఆవిడ చేత మాట్లాడించండి. ఇది లౌక్యం అనుకుంటే లౌక్యమే. దీనివల్ల పేషెంటు రెండు గంటలు ముందు ఇంటికి వెళ్తాడు.

నోరు తెరిచే ధైర్యం

ఎమీ ఎడ్మండ్‌సన్‌ అనే పరిశోధకురాలు రెండు ఆసుపత్రుల్లోని ఎనిమిది విభాగాల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించింది. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అనుకుంది. లెక్కలు తిరగబడ్డాయి. మంచి బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి! తర్వాత తేలిందేమిటంటే, అక్కడ జరిగినవి ఎక్కువ కావు, చెప్పినవి ఎక్కువ. మిగతా చోట్ల భయంతో దాచేశారు. 1996లో ఆ అధ్యయనం అచ్చయింది.

పైన మన వార్డ్‌ బాయ్‌ మూడు ఫైళ్ల సంగతి చెప్పాడు కదా. ఆ క్షణంలో ఎవరైనా ‘నీకు బుద్ధుందా, పేషెంటు కింద కూర్చుని ఉంటే’ అన్నారనుకోండి. ఆ వారమంతా అతను మళ్లీ నోరు తెరవడు. అతన్ని చూసి మిగతావాళ్లూ తెరవరు. బృంద నాయకుడికి ఉండాల్సిన మొదటి లక్షణం నా దృష్టిలో ఇదే. చెడ్డ వార్త విన్నప్పుడు ముఖం మారకపోవడం. అలవాటు చేసుకోవాలంటే ‘మంచి సంగతి చెప్పారు, ఇంకా ఏముంది?’ అనే మాట నాలుక చివర పెట్టుకోండి. మన ఇళ్లలో, బళ్లలో పెద్దల ముందు మాట్లాడకపోవడమే వినయమని నేర్పారు. అది ఒక్కరోజులో పోదు. అందుకే అందరికన్నా చిన్న ఉద్యోగి చేత ముందు మాట్లాడించి, పెద్ద ఉద్యోగి చేత చివర మాట్లాడించండి. ఇంత చిన్న మార్పుతోనే సమావేశం రంగు మారుతుంది.

అంతకన్నా లోతైన భయం ఇంకొకటుంది. పని తగ్గితే మనుషుల్ని తగ్గిస్తారేమో! మన ఉద్యోగానికి మనమే ఎసరు పెట్టుకుంటామా? ఈ ప్రశ్న ఎవరూ పైకి అడగరు, కానీ గదిలో అందరి మనసుల్లోనూ ఉంటుంది. అమెరికాలోని సియాటిల్‌లో వర్జీనియా మేసన్‌ అనే ఆసుపత్రి 2002లో టయోటా పద్ధతులను వైద్యానికి అన్వయించడం మొదలుపెట్టింది. ఐదు రోజుల ప్రాజెక్టులే దాని ప్రధాన సాధనం. వాటితోపాటే ఈ మెరుగుదలల వల్ల ఎవరి ఉద్యోగమూ పోదని విధానంగా ప్రకటించింది. ఆ మాట ఇవ్వలేని సంస్థ తన ఉద్యోగుల నుంచి నిజాయితీగల ఐడియాలు ఆశించడం అత్యాశ. ఇలా మిగిలిన సమయాన్ని ఎక్కడ వాడతారో కూడా మొదటి రోజే చెప్పేయండి.

శుక్రవారం సాయంత్రం తర్వాత

ఆరంభశూరత్వం అనే మాట మనకు కొత్త కాదు. దానికి విరుగుడు కూడా ఆ సియాటిల్‌ ఆసుపత్రి దగ్గరే ఉంది. ప్రాజెక్టు అయిన 30, 60, 90 రోజులకు మళ్లీ అదే కొలత తీస్తారు. అదే చోట, అదే విధంగా. తగ్గిన సమయం మళ్లీ పెరిగితే ఎందుకో చూస్తారు.

పాత పద్ధతి తిరిగి వచ్చేది మనుషుల బద్ధకం వల్లే అనుకోకండి. శుక్రవారం బృందంలో లేనివాళ్లు శనివారం డ్యూటీకి వస్తారు. నైట్‌ షిఫ్ట్‌ నర్సుకు కొత్త పద్ధతి ఎవరూ చెప్పలేదు. పాత ఫారాల కట్ట ఇంకా డ్రాయర్లోనే ఉంది, చేయి దానిమీదికే పోతుంది. కాబట్టి పాత ఫారాలు తీసి పారేయండి. కొత్త క్రమాన్ని ఒక్క పేజీలో, ఫొటోలతో, పని జరిగే చోటే అంటించండి. మూడు షిఫ్టులవాళ్లకూ ఎవరు నేర్పుతారో పేరు రాయండి. ‘సంబంధిత సిబ్బంది’ అని రాశారంటే ఎవరూ నేర్పరని అర్థం. మిగిలిపోయిన పనుల జాబితా ఉంటే దానికి తేదీ పెట్టండి, నెల దాటనివ్వకండి.

హైదరాబాద్‌ సాఫ్ట్‌వేర్‌ కంపెనీల్లో రెండు వారాలకోసారి, చేసిన పనిని వెనక్కి తిరిగి చూసుకునే రెట్రోస్పెక్టివ్‌ సమావేశాలు జరుగుతుంటాయి. అక్కడా ఇదే జబ్బు. రంగురంగుల చీటీల మీద ఇరవై సమస్యలు, ఇరవై పరిష్కారాలు. తర్వాతి సమావేశంలో అవే చీటీలు. ఇరవై వద్దు. ఒక్కటి ఎంచుకోండి, వచ్చే రెండు వారాల్లో దానికి నిజంగా గంటలు కేటాయించండి, అది తీరాకే రెండోది.

ఇదే మందు అన్ని జబ్బులకూ పనిచేయదు. నలుగురు నర్సులుండాల్సిన చోట ఇద్దరే ఉంటే, కైజెన్‌ పేరుతో ఆ ఇద్దరినీ ఇంకా పరిగెత్తించడం అన్యాయం. అక్కడ కావాల్సింది నియామకాలు. జీతాల గొడవ, ప్రమోషన్ల గొడవ ఐదు రోజుల బృందం తేల్చేవి కావు. అలాంటివి ఈ బృందం నెత్తిన పెట్టే యాజమాన్యం నిజానికి తప్పించుకు తిరుగుతోందని అనుకోవాలి.

ఉద్యోగంలో కొత్తగా చేరినవారికి విడిగా రెండు మాటలు. ఇలాంటి బృందంలోకి పేరు అడిగితే వెనక్కి తగ్గకండి. పక్క విభాగం పని ఎలా సాగుతుందో ఐదు రోజుల్లో తెలిసినంత ఐదేళ్ల ఉద్యోగంలోనూ తెలియకపోవచ్చు. అక్కడ మీరు ఎంత తెలివిగా మాట్లాడారన్నది ఎవరికీ గుర్తుండదు. ఫైలు వెంట నడిచి టైము రాసింది ఎవరు, రాత్రి తొమ్మిదికి నైట్‌ షిఫ్ట్‌ వాళ్ల కోసం ఆగి నేర్పింది ఎవరు, శుక్రవారం నాడు వార్డ్‌ బాయ్‌ పేరు చెప్పి ఇది ఆయన ఐడియా అన్నది ఎవరు, ఇవే గుర్తుంటాయి.

మేనేజర్‌ కుర్చీలో ఉన్నవారికి ఒక విన్నపం. ఈ నెల బడ్జెట్‌ అడగకండి, కన్సల్టెంటును పిలవకండి. మీ విభాగంలో అందరూ రోజూ విసుక్కునే ఒక్క పని ఎంచుకోండి. దాన్ని చేతులతో చేసే నలుగురినీ, దానితో సంబంధం లేని ఒకరినీ, మీ ఇన్‌చార్జ్‌నీ కూర్చోబెట్టి ఐదు రోజులు ఇవ్వండి, ఆ హామీ కాగితం మీద సంతకం చేసి ఇవ్వండి. వాళ్లు చేసిన మార్పు మీకు నచ్చకపోయినా నెల రోజులు నడవనివ్వండి. ఆ తర్వాత కొలిచి మాట్లాడండి.